బ్రహ్మకమలానికి పుట్టెంటికలు

మొక్కను డబ్బులిచ్చి కొనుక్కుంటారని ఆ రోజుల్లో తిరుపతిలో మా వీధివాళ్ళకు చెబితే పడీ పడీ నవ్వి ఉండేవాళ్ళు. అప్పట్లో మొక్కలు చుట్టరికం మీద ఇంటికి వచ్చేవి. గుండుమల్లె అంటు ఫలానా మేనత్త ఇచ్చింది, కనకాంబరం నారు ఫలానా వియ్యపురాలు పంపింది, కరివేపాకు పిలక పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతూ పోతూ చేతిలో పెట్టింది, ఇలా ప్రతి చెట్టుకూ ఒక వంశ చరిత్ర ఉండేది. ఆ చరిత్రలన్నీ కంఠతా వచ్చిన మనిషి మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి. వృక్షశాస్త్రం కంఠతా వచ్చిన మనిషిని నేను. అప్పుడే డిగ్రీ పూర్తి చేసి, కనబడిన ఉద్యోగానికల్లా దరఖాస్తు పెట్టి, పోస్టుమాన్ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న రోజులవి. కూర్చున్న అన్నాను గానీ, కూర్చున్నదెక్కడ? కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది, అన్నం తింటూ తింటూ ఎడమ చెయ్యి నేలకు ఆనించి లేచి వీధి చివరిదాకా చూసి వచ్చేవాణ్ణి. కాలు కాలిన పిల్లి అని మా అమ్మ నాకు పెట్టిన పేరు ఇంట్లో బాగానే స్థిరపడింది.

మా అవ్వ ఒకసారి చిత్తూరులో బంధువుల పెళ్ళికి పోయి, విడిది ఇంటి పెరటి గోడ మీద వేలాడుతున్న బ్రహ్మకమలం ఆకును ఒకదాన్ని ఆ ఇంటావిడను అడిగి తుంచుకుని, కొంగున ముడి వేసుకుని బస్సెక్కి వచ్చేసింది. పేరులో కమలం ఉంది కదా అని చెరువులో పూసేది అనుకునేరు, కాదు. అది జెముడు జాతి. ముళ్ళుండవు. కాండమే ఆకులాగా బద్దలు బద్దలుగా సాగుతుంది, ఆ ఆకు అంచున ఇంకో ఆకు పుడుతుంది, బుద్ధి పుట్టినప్పుడు ఆ అంచునే పువ్వు కూడా పూస్తుంది. చీకటి పడ్డాక విచ్చుకుని తెల్లారేసరికి తల వాల్చేసే తెల్లటి పెద్ద పువ్వు. మా ఇంట్లో దానికి ఆ బుద్ధి ఎప్పుడూ పుట్టలేదు. అయినా అవ్వ దాన్ని మెడ విరిగిన కడవలో నాటి, బ్రహ్మయ్య అని పేరు పెట్టి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి, వచ్చేపోయేవాళ్ళ కళ్ళు పడకుండా కడవకు కాటుక చుక్క పెట్టి పెంచింది. అమావాస్యకు దిష్టి కూడా తీసేది. (ముందు దానికి తీసి, అదే ఉప్పూ మిరపకాయలతో తర్వాత నాకు తీసేది.) కొన్నేళ్ళు గడిచేసరికి బ్రహ్మయ్య వసారా స్తంభాన్ని చుట్టుకుని, దండెం తాడు ఎక్కి, ఆరేసిన బట్టలతో కలిసిపోయి వేలాడటం మొదలుపెట్టాడు. స్నానం చేసి కళ్ళ నిండా సబ్బుతో బయటికి వచ్చిన మా నాయన, తుండుగుడ్డ అనుకుని బ్రహ్మయ్యను పట్టి లాగిన సందర్భాలున్నాయి. కొంచెం కత్తిరిద్దామే అని ఎవరైనా అంటే అవ్వకు ఆ పూట చెవుడు వచ్చేది.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. కడవలో నీళ్ళు నిలిచాయి. ఒకరోజు చూద్దును కదా, బ్రహ్మయ్య మొదలు పసుపుపచ్చగా మారి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. నేను వెంటనే ఇల్లంతా సమావేశపరిచి ఉపన్యాసం ఇచ్చాను. వేరుకుళ్ళు పట్టింది, అది రోజు రోజుకూ పైకి పాకుతుంది, ఇంకా పచ్చిగా గట్టిగా ఉన్న ఆకులను ఇప్పుడే కోసి, కోతలు ఆరనిచ్చి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే వాటికి వేర్లు వస్తాయి, ఆలస్యం చేశామా ఇంట్లో బ్రహ్మకమలం అనేదే ఉండదు అన్నాను. నా చదువుకు ఇంట్లో మొదటిసారి పని దొరికిన ఉత్సాహంలో వంటింట్లోకి పరుగెత్తి కత్తి తెచ్చాను. తెచ్చేసరికి అవ్వ కడవకు అడ్డంగా కూర్చుని ఉంది.

“పుట్టెంటికలు తియ్యని బిడ్డకు కత్తి పెడతావేంరా?” అనింది.

తిరుపతి మనుషులకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెబుతాను. మా పక్క పుట్టిన బిడ్డ తలమీది తొలి జుట్టు బిడ్డది కాదు, కొండమీది దేవుడిది. దాన్ని ఆయనకు ఇచ్చేదాకా కత్తెర తగలకూడదు. మొక్కు తీరడం ఆలస్యమై జడలు వేసుకుని బడికి వచ్చిన మగపిల్లలు నాతో కలిసి చదువుకున్నారు. ఆ తొలి జుట్టు తీసే రోజున బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి, తొలి కత్తెర మేనమామ వెయ్యాలి, కొత్తబట్టలు మేనమామ పెట్టాలి. ఇదంతా మనుషులకు. మా అవ్వ ఆ చట్టాన్ని జెముడు మొక్కకు వర్తింపజేసింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి లేచిపోయింది. కుళ్ళిన చోట పసుపు అద్దుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉండటం చూశాక నాకు నవ్వు రావడం ఆగింది. ఆ మొక్క పోతే అవ్వ మంచం పడుతుందేమోనని నిజంగానే భయం వేసింది.

సరే, కావలసింది మేనమామే కదా, మా నాయన ఒళ్ళో పెట్టేసి పని కానిచ్చేద్దాం అన్నాను. అవ్వ నా వైపు జాలిగా చూసి, పెంచింది తను కాబట్టి అది తనకు బిడ్డ అనీ, తనకు బిడ్డయితే మా నాయనకు తమ్ముడవుతుందనీ, తమ్ముడికి అన్న మేనమామ ఎట్లా అవుతాడనీ అడిగింది. ఆ లెక్కన ఆ జెముడు నాకు చిన్నాయన. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ వర్గీకరణ లేదు. అయితే మా చిన్నాయనకు మేనమామ ఎవరో నువ్వే చెప్పు అని విసుక్కున్నాను. వసారాలో పేపరు చదువుకుంటున్న నాయన పేపరు దించి అవ్వ ముఖంలోకి చూశాడు. వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు ఆగింది. అవ్వకు ఉన్న తోబుట్టువు ఒక్కడే, నగరిలో ఉండే తమ్ముడు. ఆయన మాట మా ఇంట్లో ఎత్తి చాలా ఏళ్ళయింది.

ఎందుకు ఎత్తరో అమ్మ నాకు బియ్యం ఏరుతూ చెప్పింది. మా మేనత్త పెళ్ళినాడు, ఆనవాయితీ ప్రకారం పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చి పీటల మీద దించవలసింది మేనమామ అయిన నగరి తాత. ముహూర్తం దగ్గర పడింది, తాత జాడ లేదు. అయ్యవారు తొందర పెట్టాడు, మగపెళ్ళివాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు, చివరికి వరసకు తమ్ముడయ్యే ఇంకొకాయనను పట్టుకొచ్చి బుట్ట మోయించారు. తాళి కట్టడం అయిపోయాక తాత వచ్చి పందిట్లో నిలబడ్డాడట. ఖాళీ బుట్ట మూలన పడి ఉండటం చూశాడట. చంకలో ఉన్న పట్టుచీర అక్షింతల పళ్ళెం పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కోకుండా, ఆకు ముందు కూర్చోకుండా, వచ్చినదారినే వెళ్ళిపోయాడట. (ఆ పెళ్ళిలో నేనూ ఉన్నానట, కాకపోతే లడ్ల గంప దగ్గర కాపురం పెట్టి ఉండటం వల్ల ఏమీ గమనించలేదు.) ముహూర్తానికి రానిది వాడు, అలిగింది కూడా వాడేనా అని అవ్వ. తోడబుట్టినవాణ్ణి, నా కోసం కాసేపు ఆగలేకపోయారే అని తాత. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఆ మాట మీదే ఉండిపోయారు. తిరుపతికీ నగరికీ మధ్య ఒక పూట ప్రయాణం కూడా లేదు. అయినా ఆ ఒక్క బస్సు వాళ్ళిద్దరూ ఎక్కలేదు.

ఆ తర్వాతి రోజులు నేను ఎలా గడిపానో నాకే తెలియదు. కుళ్ళు ఎంతవరకు వచ్చిందో లేచి చూడటం, వేలితో నొక్కడం, వీధిలోకి పోయి పోస్టుమాన్ కోసం చూడటం, మళ్ళీ వచ్చి నొక్కడం. నేను నొక్కి నొక్కే సగం కుళ్ళింది అని నాయన అనేవాడు. ఒక మధ్యాహ్నం అవ్వ వసారాలో కునుకు తీస్తున్నప్పుడు, ఇక ధర్మసూక్ష్మాలు చూస్తూ కూర్చుంటే లాభం లేదని కత్తి తీసుకుని పిల్లి అడుగులు వేసుకుంటూ కడవ దగ్గరికి వెళ్ళాను. ఆకు మీద చెయ్యి వేశానో లేదో, చిన్నాయన మీద కత్తి ఎత్తినవాళ్ళకు ఉద్యోగం రాదు అని అవ్వ కళ్ళు తెరవకుండానే చెప్పింది. దెబ్బ పడవలసిన చోట పడింది. కత్తి తీసుకుపోయి యథాస్థానంలో పెట్టేశాను.

చివరికి ఒకరోజు తెల్లవారి అవ్వ నన్ను లేపి, చేతిలో గుడ్డసంచీ పెట్టి, నగరికి పొమ్మంది. బ్రహ్మయ్యకు పుట్టెంటికలు తియ్యాలనీ, మేనమామ లేకుండా కత్తి పెట్టనివ్వనని తను చెప్పిందనీ చెప్పమంది. ఉన్నట్టుండి పిలిస్తే ఆయన వస్తాడా అని అడిగాను. ఆమె నా చొక్కా గుండీ సర్దుతూ, “ముహూర్తం ఎప్పుడని అడుగుతాడు వాడు. వాడు వచ్చినప్పుడే ముహూర్తమని సెప్పు” అనింది. ఆ మాట నాకు ఆమె మామూలు చాదస్తంలాగే వినబడింది. రాకపోతే ఏం చెయ్యాలని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బస్టాండుకు పరుగెత్తాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేకపోయాను. పుత్తూరులో బస్సు టీ కోసం ఆగితే దిగాను, ఎక్కాను, డ్రైవరు ఇంకా టీ ఊదుకుంటూ ఉంటే మళ్ళీ దిగాను. అంత అవసరంగా యాడికి పోతా ఉండావు అని కండక్టరు అడిగితే, పుట్టెంటికలకు మేనమామను పిలవడానికి అన్నాను. బిడ్డ ఎవరని అడగలేదు, బతికిపోయాను. నగరిలో దిగి తాత ఉండే వీధిలోకి మళ్ళేసరికి ఇంటింటా మగ్గం చప్పుడు. తాత గుంటమగ్గంలో కాళ్ళు దించుకుని నేస్తున్నాడు. బక్కపలచటి మనిషి. వెండిలాంటి జుట్టు నున్నగా వెనక్కి దువ్వి సిగ కట్టుకుని ఉన్నాడు. ఆ సిగ అంటే ఆయనకు ప్రాణమని అమ్మ చెప్పి ఉంది. కొండకు పోయినా మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చేవాడు గానీ తల మాత్రం ఇచ్చేవాడు కాదట.

నేను ఎవరి మనవణ్ణో చెప్పాను. మగ్గం ఆగింది, మళ్ళీ కదిలింది. అక్క ఎలా ఉందని ఆయన అడగలేదు. కోడలు చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. దారి పొడవునా రకరకాలుగా తయారు చేసుకున్న మాటలన్నీ ఆ మజ్జిగతోపాటు లోపలికి పోయాయి. పుట్టెంటికలకు పిలవడానికి వచ్చాను తాతా అని మాత్రం అనగలిగాను.

“యా బిడ్డకు?” అన్నాడు, నేత మీదినుంచి చూపు తిప్పకుండా.

జెముడు మొక్కకు అని చెప్పక తప్పలేదు. లోపల కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు బయటికి వినిపించింది. తాత నవ్వలేదు. నేను కుళ్ళు గురించీ, మొక్క అవ్వకు బిడ్డ కావడం గురించీ, ఆ వరసన ఆయన మేనమామ కావడం గురించీ గబగబా చెప్పుకుపోయాను. ఎంత గబగబా చెబితే అంత తెలివితక్కువగా వినబడే సంగతులివి. ఆయన నేస్తూనే ఉన్నాడు. ఇంకాసేపట్లో నన్ను బయటికి గెంటుతాడని సంచీ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు అడిగాడు, ముహూర్తం ఎప్పుడని. ముహూర్తమంటూ ఏమీ లేదు తాతా, నువ్వు వచ్చినప్పుడే ముహూర్తమని చెప్పమంది అన్నాను. మగ్గం ఆగిపోయింది. తెగిన పోగు వెతుకుతున్నవాడిలా తాత చాలాసేపు తల వంచుకునే ఉన్నాడు. నాకైతే తెగిన పోగు ఏమీ కనిపించలేదు.

తర్వాత ఆయన, మగ్గం మీద ఒక పని సగంలో ఉందనీ అది పూర్తి కాకుండా రాలేననీ చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ కుళ్ళు పైకి పాకుతుంటే ఇక్కడ ఈయన నేత నేసుకుంటాడట. ఆ పగలంతా నగరి వీధులు నా కాళ్ళకింద అరిగిపోయాయి. వీధి చివరిదాకా పోవడం, వచ్చి చూడటం, తాత మగ్గం దిగకపోవడం, మళ్ళీ పోవడం. రాకుండా ఎగ్గొట్టడానికి ఇదొక సాకు అని తీర్మానించుకుని, ఇంటికి పోయి అవ్వ ముఖం ఎలా చూడాలా అని రాత్రంతా దొర్లాను. తెల్లవారి లేచేసరికి తాత తలకు నూనె రాసి, సిగ చుట్టి, ఉతికిన పంచె కట్టి, చంకలో చిన్న మూటతో అరుగు మీద నా కోసం ఎదురు చూస్తున్నాడు. బస్సు ఎక్కినప్పటినుంచీ ఆయన నాకంటే అన్యాయం. బండి బాగుండాదా అప్పా, దోవలో నిలిచిపోదు గదా అని కండక్టరును అడిగిందే అడిగాడు. సీటు అంచున కూర్చుని ముందుకు వంగి రోడ్డు చూస్తూనే ఉన్నాడు. ఆ వయసులో బస్సు ప్రయాణమంటే భయం కాబోలు అనుకున్నాను.

అవ్వ గడపలో నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూసి, వచ్చినవాళ్ళను కాళ్ళు కడుక్కోమను అని నాతో చెప్పింది. నీళ్ళు యాడుండాయో అడుగు అని తాత నాతో అన్నాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు. కాఫీలో చక్కెర సరిపోయిందా అన్నది మొదలుకుని కడవ ఏ దిక్కుకు తిప్పి పెట్టాలన్నదాకా అన్నీ నా ద్వారానే జరిగాయి. పీట వేసి తాతను తూర్పుముఖంగా కూర్చోబెట్టి, బ్రహ్మయ్యను కడవతో సహా ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టాం. దండెం తాడును వదలనని అది మొండికేస్తే నాయన స్టూలెక్కి ఒక్కొక్క చెయ్యీ విడిపించాడు. తాత ఆకుల మధ్యనుంచి ముఖం బయటపెట్టి మూట విప్పాడు. అందులో ఎర్రంచు ఉన్న తెల్లటి గుడ్డ ఒకటి, ఇంకా గంజి వాసన పోనిది. కడవ నడుముకు సరిగ్గా సరిపోయేంత. ముందురోజు పొద్దంతా మగ్గం దిగకుండా ఆయన నేసింది మేనల్లుడికి కొత్తబట్ట అని నాకప్పుడు తెలిసింది. అవ్వ దాన్ని తీసుకుని కడవకు చుట్టి ముడి వేసింది. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

తొలి కత్తెర మేనమామది. తాత చేతికి కత్తి ఇచ్చాం. పొద్దస్తమానం పోగులు తెంపే మనిషి, కత్తిని ఆకు మీద ఆనించి తీశాడు, మళ్ళీ ఆనించి తీశాడు. ఇక్కడ కొయ్యి తాతా, కుళ్ళు లేని చోట అడ్డంగా కొయ్యి అని నేను పక్కనుంచి ఊపిరాడకుండా సూచనలిస్తున్నాను. అప్పుడు అవ్వ నన్ను పక్కకు నెట్టి ఆయన ముందు కూర్చుంది. భయపడొద్దురా, దానికి నొప్పి తెలీదు అనింది. నేరుగా ఆయనతో. తెలుసులే అక్కా అని తాత కళ్ళు మూసుకుని కోశాడు. ఆ తర్వాత మిగిలినదంతా కొయ్యడం నా పని. (డిగ్రీ చదివాక నాకు దక్కిన మొదటి ఉద్యోగం కల్యాణకట్టలో అని నాయన చాలాకాలం అందరికీ చెప్పుకున్నాడు.) మెత్తబడినదంతా తీసేసి, గట్టి ఆకులన్నీ వేరు చేసి పళ్ళెంలో పేర్చాను. అవ్వ ప్రతి కోతకూ గుండు మీద రాసినట్టు గంధం రాసింది. నేను వెంటనే ఇసుక తేవడానికి లేచాను. కూర్చోమంది. ముందు కొండకు చేరాల్సింది కొండకు చేరాలట, ఆ తర్వాతే ఇవి మట్టిలోకి పోవాలట. తాత కోసిన తొలి ఆకును పసుపు గుడ్డలో ముడుపు కట్టి ఆయన చేతిలోనే పెట్టింది. మోకాళ్ళ నొప్పులతో తను ఎక్కలేనంది, మేనమామే పోయి ఇచ్చి రావాలంది. తాత మర్నాడు పొద్దున్నే అలిపిరి దారిన మెట్లెక్కి పోయాడు.

కోసిన ఆకులు కొన్నాళ్ళు ఆరాలని ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేనే అయినా, ఆ పళ్ళెం చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. అందులోంచి ఒక ఆకు కాజేసి, బావి వెనకాల పాత డబ్బాలో నాటి, దండిగా నీళ్ళు పోశాను. గంటకోసారి పోయి పైకి లాగి వేర్లు వచ్చాయా అని చూసి మళ్ళీ గుచ్చేవాణ్ణి. తాత తిరిగి వస్తానన్న పొద్దు వచ్చింది. అవ్వ పప్పూ, వంకాయ కూరా, పరమాన్నం చేయించి, అరటాకు కడిగి పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. తాత రాలేదు. జనం ఎక్కువగా ఉంటారని నాయన, దర్శనం ఆలస్యమై ఉంటుందని అమ్మ చెప్పి చూశారు. అవ్వ గడపలోకి వచ్చి నిలబడింది, లోపలికి పోయి కూర మూత తీసి చూసింది, మళ్ళీ గడపలోకి వచ్చింది. అట్లాంటి పని ఇంట్లో నేను ఒక్కణ్ణే చేస్తానని అప్పటిదాకా అనుకున్నాను. పొద్దు వాలేసరికి ఆమె గడప మీద కూలబడి, కొండ దిగి అట్నుంచి అటే బస్సెక్కి నగరికి పోయి ఉంటాడు, మళ్ళీ చెప్పకుండానే పోయినాడు అని ఎవరితోనూ కాకుండా అనింది. ఆ గొంతు వింటే నాకు ఏడుపు వచ్చింది. బస్టాండులో వెతికి వస్తానని చెప్పులు వేసుకుంటూ ఉండగా వీధి మలుపులో తాత కనిపించాడు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ వస్తున్నాడు.

అవ్వ లేచి రెండడుగులు ఎదురు పోయింది.

“ఎందుకురా తమ్ముడా ఇంత ఆలస్యం?” అని అడిగింది.

తాత మెట్టు మీద ఒక కాలు పెట్టినవాడు అలాగే నిలబడిపోయాడు.

“ఈ మాట ఆ పొద్దు అడిగింటే సాలు గదక్కా” అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పెళ్ళినాడు ఆయన ఎక్కిన బస్సు వడమాలపేట దగ్గర నిలిచిపోయిందట. ఇంకో బస్సు కోసం చూసి చూసి, చీర మూట నెత్తిన పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడట. దోవలో దొరికిన ఎద్దులబండి కొంత దూరం ఎక్కించుకుందట, మిగతాదంతా నడకేనట. కాళ్ళు వాచిపోయి పందిట్లోకి వచ్చి నిలబడితే, ఆలస్యంగా వచ్చావని అన్నవాళ్ళే గానీ ఎందుకు ఆలస్యమైందని అడిగినవాళ్ళు లేరట. బుట్ట ఇంకొకడు మోసినందుకు కాదక్కా నాకు బాధ అన్నాడు. నువ్వు నిలబడి ఉంటే గదరా అడిగేది అని అవ్వ ఏడ్చింది. నిలబడి ఉండాల్సిందిలే అని ఆయన కూడా ఒప్పుకుని, ముఖం తుడుచుకోవడానికి తలగుడ్డ లాగాడు. సిగ లేదు. నున్నటి గుండు, దాని మీద గంధం. కల్యాణకట్టలో ముడుపు విప్పి చూపిస్తే, ఇది ఆకు పెద్దాయనా, దేవుడికి కావాల్సింది వెంట్రుకలు అన్నారట. బిడ్డకు లేకపోతే మేనమామకు ఉన్నాయి గదా అని తనే కూర్చున్నాడట. ఆకును అక్కడే ఒక చెట్టు మొదట్లో గుచ్చి వచ్చాడట. అవ్వ ఆ గుండు మీద చెయ్యి పెట్టి నిమిరి, ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. ఆయనా నవ్వాడు. గుమ్మంలో మా నాయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ సమయంలో నేను ఆకుల పళ్ళెంతో ముందుకు వచ్చి, “అవ్వా, ఇంక ఆకులు నాటుకోవచ్చా?” అని అడిగాను.

పళ్ళెంలో ఆరిన ఆకులన్నీ బతికాయి. బావి వెనక నేను దొంగతనంగా నాటి లాగి లాగి చూసిన ఆకు కుళ్ళిపోయింది. తాత తనతో ఒక ఆకు తీసుకుపోయాడు. తర్వాతి వేసవి దాటాక అది పూసిందని చెప్పడానికి పనిగట్టుకుని బస్సెక్కి వచ్చాడు. మాది పూయలేదని అవ్వ కాస్త ముఖం మాడ్చుకుంది, అయినా ఆకు వేసి కూర్చోబెట్టి తినిపించే పంపింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కన్నుమూసేదాకా ఆ బస్సు ఎక్కుతూనే ఉన్నారు.

ఇప్పుడు నా వయసు ఆ రోజు మెట్టు మీద నిలబడిన తాత వయసంత. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఎందుకని అడగకుండా ఉండలేను, పిల్లలు దాన్ని చాదస్తం అంటారు. అన్నేళ్ళ కోపం నా కళ్ళముందే కరిగి నీళ్ళవుతుంటే, ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే, పళ్ళెం చేత్తో పట్టుకుని కాలు మార్చి కాలు మీద నిలబడుతూ, ఎప్పుడెప్పుడు మట్టిలో చెయ్యి పెడదామా అని చూస్తున్న ఆ కుర్రవాణ్ణి అప్పుడప్పుడూ తలుచుకుంటాను. తిట్టబుద్ధి కాదు, నవ్వే వస్తుంది. పళ్ళెం పక్కన పెట్టి ఆ గడపలో వాళ్ళతోపాటు కాసేపు కూర్చోరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు కూర్చునే రకం కాదు.